పద్నాలుగో బల్ల అధ్యక్షురాలు

ఇటలీ కొండల్లో మెరానో అనే ఊళ్ళో ఇర్మా అనే ముసలావిడకు తొంభై ఒక్కేళ్ళు. పెరూ దేశంలో వాలీబాల్ ఆడి దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారని ఆవిడ గట్టి నమ్మకం. ఆవిణ్ణి తప్పుపట్టి లాభం లేదు. పదహారేళ్ళుగా ఆవిడ ఇంట్లోనే ఉండి ఆవిణ్ణి కనిపెట్టుకుంటున్న పెరూ మనిషి దొమితిలా, ఎన్నికలొచ్చినప్పుడల్లా ఓటు వెయ్యడానికి మిలాన్ వెళ్ళాలని సెలవడిగేది. వెళ్ళేటప్పుడు సంచిలో నిక్కరూ, మోకాళ్ళకి పట్టీలూ పెట్టుకునేది. తిరిగొచ్చేసరికి మోచేతులు దోక్కుపోయి, గొంతు బొంగురుపోయి ఉండేది. ఎవరు గెలిచారని ముసలావిడ అడిగితే "మేమే" అనో, మొహం ముడుచుకుని "వాళ్ళే" అనో చెప్పేది. ఇక ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది?

అసలు ఓటంటే దొమితిలాకు భక్తీ లేదు, భయమూ లేదు. ఒకసారి మీసం బాగుందని ఒకడికి వేసింది. వాడి నిర్వాకం చూశాక, మరోసారి మీసం లేనివాడికి వేసింది. నిర్వాకంలో తేడా ఏమీ కనపడలేదు. ఆ తర్వాత మొహాలు చూడటం మానేసి, కాగితం మీద కుడివైపు ఉన్నవాడికి ఓసారి, ఎడమవైపు ఉన్నవాడికి ఓసారి గుర్తు పెడుతూ వచ్చింది. ఓటన్నది ఆమెకు వ్యాను ఎక్కడానికి ఒక వంక. కొండల్లో చెల్లాచెదురుగా ముసలివాళ్ళ ఒళ్ళు తుడుస్తూ, మందులు మింగిస్తూ బతికే పెరూ ఆడవాళ్ళందరికీ ఒకే ఆదివారం సెలవు దొరికేది అప్పుడు మాత్రమే. ఓటుకి వెళ్తామంటే ఏ యజమానీ కాదనడు. పెళ్ళికి వెళ్తామంటే వంద ప్రశ్నలు వేస్తాడు.

దొమితిలాకు యాభై ఎనిమిది. పుట్టింది చింబోటెలో, సముద్రం ఒడ్డున. పద్దెనిమిదో ఏట చేపల పొడి ఫ్యాక్టరీలో చేరింది. ఒంటి మీద ఆ వాసన ఎన్ని సబ్బులరగదీసినా పోయేది కాదు, అందుకని ఆ ఫ్యాక్టరీ అమ్మాయిలతో డాన్సు చెయ్యడానికి మగపిల్లలు జంకేవారు. సాయంత్రాలు ఖాళీ. ఫ్యాక్టరీ వెనక వల కట్టి వాలీబాల్ ఆడేవారు. దొమితిలా పొట్టి, చేతులు మెత్తన, కళ్ళు చురుకు. బంతి లేపడం ఆమె పని. ఆ లేపిన బంతిని అవతలివాళ్ళ నెత్తిన దించడం నెలీదా పని. నెలీదా పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. మాట తక్కువ, దెబ్బ ఎక్కువ. పన్నెండేళ్ళు ఆ ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. దొమితిలాకు కూతురు పుడితే బాప్తిస్మంలో నెలీదాయే జ్ఞానతల్లిగా నిలబడింది. అప్పట్నుంచి ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. మధ్యలో దొమితిలాకు ఒక భర్త కూడా ఉండేవాడు. ఉన్నప్పుడూ పెద్దగా తెలిసేది కాదు, పోయినప్పుడూ తెలియలేదు.

ముందు ఇటలీ వచ్చింది నెలీదా. వచ్చి ఏడాది తిరక్కుండా వదిన్ని పిలిపించుకుంది. ఇద్దరూ కలిసి ఒకేరోజు పెరూ కాన్సులేట్‌కు వెళ్ళి గుర్తింపు కార్డుల్లో అడ్రసు మార్పించుకున్నారు. అందుకే ఓటర్ల జాబితాలో ఇద్దరి పేర్లూ ఒకేచోట, పద్నాలుగో బల్ల కింద పడ్డాయి. తర్వాత నెలీదా ఒక ట్రాము డ్రైవర్ని పెళ్ళాడి మిలాన్‌లో ఉండిపోయింది. దొమితిలా కొండలెక్కింది. ఒకరిది మిలాన్ జట్టు, ఒకరిది కొండజట్టు అయింది. ఎన్నికల రోజు ఓటయ్యాక ఊరిబయట పార్కులో మ్యాచ్. ఓడినవాళ్ళు బీరు పెట్టె కొనివ్వాలి.

పన్నెండేళ్ళ క్రితం చింబోటెలో దొమితిలా తల్లి పోయింది. అప్పుడు దొమితిలా నివాస కార్డు ఏదో ఆఫీసులో ఇరుక్కుని ఉంది. దేశం దాటితే తిరిగి రానిస్తారన్న నమ్మకం లేదు. అదృష్టమో ఏమో, ఆ నెలలో నెలీదా సెలవు మీద ఊళ్ళోనే ఉంది. శవపేటిక పక్కన కూతురి స్థానంలో నిలబడింది ఆమె. గుప్పెడు మట్టి వేసింది ఆమె. సమాధి మీద పేరు తప్పుగా చెక్కితే రాతిపనివాడితో పోట్లాడి మళ్ళీ చెక్కించింది కూడా ఆమే. అక్కడ మూడు వారాలుండి తిరిగొచ్చి, ఆ గుప్పిటతోనే దొమితిలా చెయ్యి పట్టుకుని, అంతా సవ్యంగానే జరిగింది వదినా, అని చెప్పింది.

అది జరిగిన రెండేళ్ళకు ఎన్నికలొచ్చాయి. మొదటి విడతలో ముందున్న ఇద్దరికే మళ్ళీ ఓటేసే రెండో విడత రోజు, పార్కులో ఆఖరి సెట్టు, పద్నాలుగూ పదమూడు. దొమితిలా వేలికొసలతో బంతిని వల మీంచి నెట్టింది. అది నెలీదా భుజం పక్కనుంచి వెళ్ళి గీత దగ్గర పడింది. బయట, అంది నెలీదా. లోపల, అంది దొమితిలా. రిఫరీగా కూర్చున్న పెద్దమనిషి అప్పటికే నాలుగు సీసాలు తాగి ఉన్నాడు, ఆయనకు బంతులే రెండు కనపడుతున్నాయి. జనం అరుస్తున్నారు. అప్పుడు దొమితిలా చెయ్యెత్తి, తన తల్లి సమాధి మీద ఒట్టు, బంతి లోపలే పడింది, అంది. అందరూ నోరు మూసుకున్నారు. తల్లి సమాధి మీద ఒట్టేస్తే ఇంకేం మాట్లాడతారు? కొండజట్టు గెలిచింది. బీరొచ్చింది.

బంతి బయటే పడింది. దొమితిలా కళ్ళారా చూసింది. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. ఒక పెట్టె బీరు కోసం, చూస్తున్న నలభై మంది కోసం, నోరు జారింది. జారినదాన్ని వెనక్కి తీసుకునేంత మంచితనం ఆ క్షణంలో ఆమె దగ్గర లేదు. నెలీదా బూట్లు విప్పుకుని, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి వదినా అన్న పిలుపు లేదు. పండగకు ఫోను లేదు. జ్ఞానపుత్రికకు మాత్రం పుట్టినరోజు కానుక తప్పకుండా వచ్చేది, దానిమీద పంపినవారి పేరు ఉండేది కాదు.

పదేళ్ళుగా దొమితిలా బుర్రలో ఒకటే లెక్క. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మిలాన్ జట్టును న్యాయంగా, గీతల గొడవ లేకుండా, చిత్తుగా ఓడించాలి. అప్పుడా పాత గెలుపు అరిగిపోతుంది. అప్పుడు నెలీదా ముందుకెళ్ళి, ఏం వదినా, అనవచ్చు. తప్పొప్పుకోవడం కంటే మ్యాచ్ గెలవడం ఆమెకు సులువుగా కనిపించింది. అలా కనిపించేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు, అందరికీ వాలీబాల్ రాదు, అంతే తేడా. అయితే అవకాశమే చిక్కలేదు. మధ్యలో వచ్చిన ఎన్నికలప్పుడు లోకమంతా మాస్కులు కట్టుకుని ఇంట్లో కూర్చుంది. మొన్న ఏప్రిల్‌లో మొదటి విడత రోజు కుండపోత వాన. ఇక మిగిలింది జూన్‌లో రెండో విడత. సెప్టెంబర్‌లో మోకాలికి ఆపరేషన్. డాక్టరు ఫోటో చూపించి, ఈ మోకాలితో మెట్లెక్కడమే ఎక్కువ, అన్నాడు. ఆ తర్వాత ఆట లేదు.

అందుకని ఆ ఆదివారం తెల్లవారుతుండగానే వ్యాను కదిలింది. ఎనిమిది మంది ఆడవాళ్ళు, నడిపేది దొమితిలా మేనకోడలు యెస్సేనియా. వెనకసీటు కింద కోడిమాంసం అన్నం గిన్నె, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెలు, ఊదారంగు మొక్కజొన్న పానీయం చీచా ఒక డబ్బా. సీటు మీద వల, రెండు బంతులు. ఓటు గుర్తింపు కార్డులు మాత్రం ఎవరెక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. దారిలో గార్డా సరస్సు దగ్గరికొచ్చాక వ్యానాపి అందరూ సంచులు తలకిందులు చేసి వెతికారు. ఒకామె కార్డు తమాలెల మూటలో దొరికింది, నూనె మరక ఫోటోలో ఆమె మొహం మీదే పడింది. ఇప్పుడే బాగున్నావు, అన్నారు మిగతావాళ్ళు.

మా పెరూవాళ్ళ పోలింగులో ఒక పద్ధతుంది. ప్రతి బల్లకూ ముగ్గురు మామూలు జనం కూర్చోవాలి, అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు. పేర్లు చీట్లు తీసి ముందే ప్రకటిస్తారు. ప్రకటించినవాళ్ళు రాకపోతే, ఓటుకొచ్చినవాళ్ళలో ఎవరు ముందుంటే వాళ్ళను పట్టుకుని కూర్చోబెడతారు. కూర్చున్నవాడు సాయంత్రం అయిదు దాకా లేవకూడదు, ఆ తర్వాత ఓట్లు కూడా తనే లెక్కపెట్టాలి. కాదనడానికి లేదు. కాబట్టి మావాళ్ళ పోలింగ్ కేంద్రంలో క్యూ వెనక్కి నడుస్తుంది. మీరు పదండి, అబ్బే మీరే పదండి, పెద్దవారు, అయ్యో నాకు తొందరేం లేదు. ఇంత మర్యాద మావాళ్ళు ఇంకెక్కడా చూపించరు. బస్సు దగ్గర కాళ్ళు తొక్కి ఎక్కేవాళ్ళే ఇక్కడ తలుపు దగ్గర ఒకరినొకరు వంగి దారిస్తారు.

దొమితిలాకు ఇది తెలియంది కాదు. పదకొండున్నరకు ముందు గేటు దాటకూడదని వ్యానులో అందరికీ పాఠం చెప్పేది ఆమే. కానీ ఈసారి మ్యాచ్ పదకొండుకే. ఎండ ముదరకముందే ఆడేద్దామని మిలాన్‌వాళ్ళు కబురంపారు. ముందు ఓటేసి, కాలికి పట్టీ కట్టుకుని, కాస్త ఒళ్ళు వేడెక్కించుకుని బరిలోకి దిగుదామనుకుంది. ఓటు మానేసి నేరుగా పార్కుకెళ్ళమని యెస్సేనియా చెప్పింది. దొమితిలా ఒప్పుకోలేదు. ఓటేశానని, సెలవిచ్చిన ఇర్మా కొడుకుకు చూపించడానికి ఒక ముద్ర కావాలట. నిజం చెప్పాలంటే నెలీదా కూడా పద్నాలుగో బల్ల దగ్గరికే వస్తుంది, ఆటకు ముందు ఓసారి ఆమె మొహం చూడాలనిపించింది. ఆశ మనిషి చేత ఇలాంటి పనులే చేయిస్తుంది.

తొమ్మిదిన్నరకు మిలాన్ పోలింగ్ కేంద్రం లోపలికెళ్ళింది. మిగతా బల్లలన్నీ నడుస్తున్నాయి. పద్నాలుగోది మాత్రం మూడు ఖాళీ కుర్చీలతో, సీలు విప్పని పెట్టెతో అలాగే ఉంది. ఏప్రిల్‌లో కూర్చున్న ముగ్గురూ ఈసారి ఊళ్ళు విడిచి పారిపోయినట్టున్నారు. బల్లకు పదిహేనడుగుల దూరంలో యాభై మంది నిలబడి పైకప్పు చూస్తున్నారు. కొందరు అసలు పెరూవాళ్ళమే కాదన్నట్టు ఇటాలియన్‌లో మాట్లాడుకుంటున్నారు. మధ్యాహ్నం పన్నెండులోపు బల్ల మొదలుకాకపోతే ఆ బల్లవాళ్ళ ఓట్లన్నీ పోయినట్టే. అయినా ఒక్క కాలు ముందుకు పడటంలేదు.

దొమితిలా వాచీ చూసుకుంది. చూసుకుని, ఇరవయ్యేళ్ళలో ఏ పెరూ మనిషీ చెయ్యని పొరపాటు చేసింది. అటుగా వెళ్తున్న ఆఫీసరును ఆపి, ఇదెప్పుడు మొదలవుతుందని అడిగింది. అతను చెమటలు కక్కుతూ, ఏదీ మీ కార్డొకసారి, అన్నాడు. ఆమె ఇచ్చేసింది. కార్డు అతని చేతిలోకి వెళ్ళాక గానీ తెలివి రాలేదు.

"శుభాకాంక్షలు మేడమ్," అన్నాడతను. "మీరే అధ్యక్షురాలు."

యాభై మందీ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినపడింది. దొమితిలా మోకాలు చూపించింది. ఆపరేషన్ కాగితం చూపించింది. ముసలి ఇర్మాను ఇవాళే చావబోతున్న మనిషిగా వర్ణించింది. ఆఫీసరు ఇవన్నీ పొద్దున్నుంచీ విన్నవాడే. ఒకడు అప్పటికే తను చచ్చిపోయానని కూడా చెప్పి చూశాడట. రెండో కుర్చీలోకి సాతుర్నినో అనే మంగలాయన్ను లాగారు. మూడుముక్కల సూటు వేసుకుని ఓ మూల కుర్చీలో కునుకు తీస్తున్నాడు, పారిపోయే అవకాశం లేకపోయింది. ఇంకొకరు కావాలి. అప్పుడు దొమితిలాకు ఒక ఆలోచన వచ్చింది. అది మంచి ఆలోచన కాదు. తన జట్టుకు తను లేకపోతే, మిలాన్ జట్టుకు నెలీదా మాత్రం ఎందుకుండాలి?

"ఇంకో ఆవిడుంది బాబూ," అంది. "పద్నాలుగో బల్లే. ఇందాక ఆడవాళ్ళ బాత్‌రూములోకి వెళ్ళడం చూశా. పొడుగ్గా ఉంటుంది, నీలం బూట్లు. ఎంత తలుపు కొట్టినా పలకదు, కొడుతూనే ఉండు."

నెలీదా వచ్చి కూర్చుంది. దొమితిలా వైపు చూడలేదు. కార్యదర్శి అన్న బిళ్ళ మెడలో వేసుకుని, పెన్ను మూత తీసి, ఓటర్ల జాబితాను తన వైపు లాక్కుంది.

అలా మొదలైంది. పదకొండయింది, మ్యాచ్ మొదలయ్యే వేళ. దొమితిలా బల్ల కింద కాలు ఆడిస్తూ కూర్చుంది, ఏడుపొచ్చింది. ఆ ఏడుపును కార్డులు అడగడంలో చూపించింది. కార్డేది, మొహం ఎత్తు, ఈ ఫోటో నీదేనా, అప్పుడు జుట్టుండేదే. జనం వచ్చి ఆమె ముందు నిలబడ్డారు. తర్వాత ఆమెకే వింతగా అనిపించింది. ఇటలీ వచ్చిన పంతొమ్మిదేళ్ళలో బల్లకు అవతల నిలబడ్డదే తప్ప ఇవతల కూర్చున్నది లేదు. నివాస కార్డు కోసం, ఆరోగ్యకార్డు కోసం, టికెట్టు నంబరు చేత్తో పట్టుకుని తన వంతు కోసం గోడనానుకుని నిలబడటమే ఆమెకు తెలుసు. ఇప్పుడు టై కట్టుకున్నవాళ్ళు కూడా ఆమె చేతిలో కార్డు పెట్టి, అధ్యక్షురాలుగారూ, ఎక్కడ సంతకం పెట్టమంటారు, అని అడుగుతున్నారు. వేలిముద్ర సరిగ్గా పడకపోతే వాళ్ళ వేలు పట్టుకుని సిరాలో అద్ది తనే నొక్కింది. ఆ పని ఆమెకు అలవాటే, ముసలివాళ్ళ వేళ్ళు అలాగే పట్టుకోవాలి. ఓ గంటకు గొంతు తగ్గింది. ఒక తాతకు కుర్చీ ఇప్పించింది. పాలు తాగే పిల్లతో వచ్చిన అమ్మాయిని క్యూ దాటించి ముందుకు పిలిచింది, ఎవరైనా గొణిగితే ఒక్క చూపు చూసింది.

నెలీదాతో మాట మాత్రం సాతుర్నినో గుండా నడిచింది. ముద్ర ఇటివ్వమని ఆవిడకి చెప్పండి, అనేది ఈమె. ముద్ర ఆవిడ ముందే ఉందని చెప్పండి, అనేది ఆమె. మంగలాయన ముప్పయ్యేళ్ళుగా కత్తెర పట్టి అందరి గొడవలూ విన్నవాడు కాబట్టి, మధ్యలో కూర్చుని రెండు వైపులా తలూపుతూ, ఏ మాటా మోసుకెళ్ళకుండానే పని జరిపించాడు.

రెండింటప్పుడు యెస్సేనియా అన్నం గిన్నె పట్టుకొచ్చింది. ఎంతకెంత అయిందని దొమితిలా అడిగింది. ఏమీ అవలేదు, అంది మేనకోడలు. కెప్టెన్లిద్దరూ లేకపోయేసరికి ఎవరు ఎటు నిలబడాలో తెలియలేదట. కాసేపు కలగాపులగంగా ఆడారు, స్కోరు ఎవరూ రాయలేదు. తర్వాత ఎండగా ఉందని చెట్ల కింద కూర్చుని, గెలిచినవాళ్ళకని తెచ్చిన బీరు రెండు జట్లూ కలిసి తాగేశాయి. మిలాన్‌వాళ్ళ గుండెకాయ కబాబులు భలే ఉన్నాయట. అందరూ హాయిగా ఉన్నారట, మీరేం బెంగపెట్టుకోకండి అత్తా, అంది.

దొమితిలాకు అన్నం దిగలేదు. పదేళ్ళుగా తను మోస్తున్న యుద్ధం మిగతావాళ్ళకెవరికీ లేదని, అది తనదీ పక్క కుర్చీదీ మాత్రమేనని అప్పుడు తెలిసింది. గెలిచే దారి మూసుకుపోయింది. మిగిలిన దారి తప్పొప్పుకోవడం ఒకటే, దానికి మోకాలు అక్కర్లేదు, ధైర్యం కావాలి. అదే ఆమె దగ్గర లేనిదానిలా అనిపించి, గిన్నెను సాతుర్నినో వైపు తోసింది. ఆయన రెండు వాటాలూ తిన్నాడు. నెలీదా పక్కకు చూస్తూ, ఆవిడ ఖాళీ కడుపుతో సాయంత్రం కళ్ళు తిరిగి పడిపోతే సంతకం ఎవరు పెడతారో కనుక్కోండి, అని ఆయనతో అంది. దొమితిలా ఒక తమాలె తీసుకుంది.

అయిదింటికి తలుపులేశారు. పెట్టె బోర్లించారు. రెండో విడత కాబట్టి కాగితం మీద ఇద్దరే, రెండు గళ్ళు. సాతుర్నినో కాగితాలు విప్పుతున్నాడు, నెలీదా గీతలు పెడుతోంది, దొమితిలా చూసి చదువుతోంది. ఓటర్లు తమ మనసులోని మాటలు దాచుకోలేదు. ఒకడు ఇద్దరికీ కొమ్ములు గీశాడు. ఒకామె, గుండ్రటి అక్షరాల్లో, ఇద్దరి తల్లుల క్షేమమూ బూతుల్లో అడిగి అంతకంటే ముందుకు వెళ్ళింది. ఇంకొకడు శ్రద్ధగా ఒక కాల్చిన కోడి బొమ్మ వేసి, దానికింద నా ఓటు దీనికే అని రాశాడు. మంగలాయన నవ్వాపుకోలేక సూటు గుండీ తెంపుకున్నాడు. అటువాడికి నూట ఇరవై రెండు, ఇటువాడికి నూట ఇరవై రెండు. చివరి కాగితం మిగిలింది.

దానిమీద గుణకారం గుర్తు ఉంది. నియమం ఏమిటంటే, రెండు గీతలూ కలిసే చోటు గడి లోపల ఉండాలి. ఈ మనిషి చెయ్యి వణికినట్టుంది, కలిసే చోటు గడి అంచు దగ్గర పడింది. లోపలే, అన్నాడు సాతుర్నినో, ఆయనకు త్వరగా ఇంటికి వెళ్ళాలని ఉంది. బయట, అంది నెలీదా. ఇద్దరూ అధ్యక్షురాలి వైపు చూశారు.

దొమితిలా కళ్ళద్దాలు తుడుచుకుని కాగితాన్ని దీపం కిందికి జరిపింది. చాలాసేపు చూసింది.

"బయట," అంది.

నెలీదా పొద్దున్నుంచీ మొదటిసారి తలతిప్పి తిన్నగా ఆమెను చూసింది. "ఒట్టేస్తావా?"

సాతుర్నినో ఇబ్బందిగా కదిలాడు. ఆ కుర్చీలో తను ఉండటం బాగోలేదని ఆయనకు తెలిసింది, లేచే వీలు లేదు. దొమితిలా చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది.

"వెయ్యను. ఇంక దేనికీ వెయ్యను. ఈ గీతా బయటే. ఆ బంతీ బయటే. నేను చూశాను. చూసే అన్నాను."

"నాకు తెలుసు. నేనక్కడే ఉన్నా." నెలీదా గొంతు పెరగలేదు. "బంతి గొడవ నాకెందుకే? ఎవత్తె గెలిస్తే ఏంటి. మీ అమ్మని అందులోకి లాక్కొచ్చావు. ఆవిడ మీద మట్టి నా చేత్తో వేశాను. నీ బదులు నిలబడి ఏడ్చాను. బీరు సీసాల కోసం ఆవిణ్ణి లేపి తీసుకొచ్చి గీత పక్కన నిలబెట్టావు."

దొమితిలా సిగ్గుతో ఏడ్చింది, సిరా అంటిన వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది, మొహం నల్లగా అయింది. తప్పయిపోయిందని అంది. ఆ మాట పదేళ్ళు గొంతులో ఉంచుకుని మోసినంత బరువుగా ఏమీ లేదు. అన్నాక మరీ చిన్నగా వినపడింది. అంత చిన్నమాట చాలదేమో అని ఆమెకే అనిపించింది.

నెలీదాకూ చాలలేదు. లెక్కింపు పత్రం తీసి ఆమె ముందుకు తోసింది. అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు సంతకాలు పెట్టి రాజధానికి పంపే పత్రం. అటువాడికి ఇన్ని, ఇటువాడికి ఇన్ని, చెల్లనివి ఇన్ని. అన్నిటికంటే కింద, ఏవైనా ఉంటే రాయడానికి, బల్ల సభ్యుల గమనికలు అని నాలుగు ఖాళీ గీతలు.

"రాయి," అంది. "అప్పుడు నలభై మంది ముందు అన్నావు కదా. ఇప్పుడు ఇద్దరి ముందు చెప్పి ఊరుకుంటే ఎలా."

సాతుర్నినో లేచి నిలబడ్డాడు. ఇది దేశానికి సంబంధించిన కాగితమమ్మా, ఇందులో వాలీబాల్ ఏమిటని బతిమాలాడు. దొమితిలా అప్పటికే పెన్ను తీసుకుంది. ఆమెది ఫ్యాక్టరీ స్కూలు చేతిరాత, అక్షరాలు ఒక్కొక్కటీ విడిగా, తిన్నగా నిలబడతాయి. పదేళ్ళ క్రితం రెండో విడత రోజున పార్కులో పద్నాలుగూ పదమూడు దగ్గర తను నెట్టిన బంతి బయట పడిందని, లోపల పడిందని తను చెప్పింది అబద్ధమని, తల్లి మీద వేసిన ఒట్టు కూడా అబద్ధమని రాసింది. పేరు, అంది నెలీదా. తల్లి పేరు పూర్తిగా రాసింది. ఎలూతేరియా పోమా, విధవ, చింబోటె. ఆ పేరు చివరి అక్షరం చూసి నెలీదా తలూపింది, రాతి మీద మళ్ళీ చెక్కించినట్టే ఉంది.

ఒక్కటి రాస్తే అయిపోదు. పత్రం అయిదు ప్రతులు, అన్నీ చేత్తోనే రాయాలి. రెండోదీ మూడోదీ రాసింది. నాలుగోదానికి వేళ్ళు వంకర్లు పోయాయి. బయట ఆఫీసరు తలుపు కొట్టి, పద్నాలుగో బల్ల ఇంకా కాలేదా, అన్ని బల్లలవాళ్ళూ వెళ్ళిపోయారని అరుస్తున్నాడు. అయిదో ప్రతి తీసుకునేసరికి నెలీదా ఆమె చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"ఇలా తే. నీ చెయ్యి పడిపోతుంది."

తనే రాసింది, వంకర టింకర రాతతో, రెండే ముక్కలు. బంతి బయట పడిన మాట నిజం. చాలా కొద్దిగా.

దొమితిలా అది చదివింది. సాతుర్నినో వంగి, నాలుగూ ఒకలా, అయిదోది ఒకలా ఉంటే ఎలాగమ్మా, అయిదూ ఒకేలా ఉండాలని నియమం కదా, అన్నాడు. అధ్యక్షురాలు ముక్కు ఎగబీల్చి, అయిదో ప్రతిని ఆయన ముందుకు జరిపి, వేలు పెట్టి చోటు చూపించింది.

"పెట్టండి సంతకం," అంది. "మా వదిన రాసింది చాలు."